విశాఖలో కొత్త కారు కొంటున్నారా? ఇలా ఎంచుకోండి

కారు కొందామనుకుంటున్నామని ఒక్క మాట బయటపెడితే చాలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటాయన దాకా అందరూ సలహాదారులే. "డీజిల్ తీసుకోండి, పదేళ్లు ఢోకా ఉండదు" అంటారు ఒకరు. "ఈ రోజుల్లో డీజిలేంటండీ బాబూ, ఎలక్ట్రిక్ చూడండి" అంటారు ఇంకొకరు. యూట్యూబ్ తెరిస్తే మరో పది గొంతులు. వాళ్లెవరూ అబద్ధం చెప్పట్లేదు. ఎవరికి ఏది కుదిరిందో అది చెప్తున్నారు, అంతే. మీకు ఏది కుదురుతుందో తేలాలంటే ముందు మీ తిరుగుడు ఏంటో తేలాలి. మోడల్ పేరు, రంగు, సన్‌రూఫ్ అన్నీ ఆ తర్వాతే.

ముందు కాగితం, తర్వాత షోరూమ్

షోరూమ్ గుమ్మం తొక్కకముందే ఓ రెండు వారాల పాటు ఇంట్లో అందరి ప్రయాణాలూ రాసి పెట్టండి. ఇప్పుడు బైక్ మీదో, ఆటోలోనో, సిటీ బస్సులోనో వెళ్తున్నవి కూడా. ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది, ఏ టైముకి. కూర్మన్నపాలెంలో ఇల్లు, మధురవాడలో ఐటీ ఉద్యోగం అయితే రానూపోనూ అరవై కిలోమీటర్ల పైమాటే, నెలకి 1,300 దాటుతుంది. ఎంవీపీ కాలనీలో ఉంటూ సిరిపురం వెళ్లొచ్చేవాళ్లకి రోజుకి పది కూడా అవ్వదు. ఇద్దరిదీ వైజాగే, ఇద్దరి బడ్జెటూ ఒకటే కావచ్చు, అయినా ఇద్దరికీ ఒకే కారు సరిపోదు.

ఊరి బయటి ప్రయాణాలు వేరే రాయండి. నెలకోసారి శ్రీకాకుళంలో అమ్మానాన్నల దగ్గరికి వెళ్తారా? రాజమండ్రిలో అత్తగారిల్లా? అవి లెక్కలోకి వస్తాయి. ఏడాదికి ఒకసారి అరకు, సంక్రాంతికి బంధువులందరూ కలిసి అన్నవరం, ఇవి రావు. ఆ ఒక్క రోజు కోసం ఏడు సీట్ల బండి కొని మిగతా 364 రోజులూ దాన్ని పూర్ణా మార్కెట్ సందుల్లో తిప్పలేక చెమటలు పట్టించుకునేవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. ఆ రోజుకి ఇన్నోవా అద్దెకి తీసుకోండి. డ్రైవరే ఘాట్ రోడ్డు చూసుకుంటాడు, మీరు కిటికీలోంచి అనంతగిరి కాఫీ తోటలు చూసుకోవచ్చు.

డబ్బు లెక్క: ఎక్స్ షోరూమ్ ధరను నమ్మొద్దు

ప్రకటనల్లో కనిపించేది ఎక్స్ షోరూమ్ ధర. దాని మీద లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ కలిస్తే ఆన్‌రోడ్ ధర. తొమ్మిది లక్షల కారు చేతికొచ్చేసరికి పది దాటిపోతుంది. మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కారు ధర శ్లాబును బట్టి పెరుగుతుంది. పది లక్షల గీత దాటితే శాతమే పెరుగుతుంది, దానికి తోడు ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఇన్‌కం ట్యాక్స్) కూడా పడుతుంది. టీసీఎస్ ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్‌లో చూపించుకుంటే సర్దుబాటు అవుతుంది కానీ ముందైతే జేబులోంచి పోతుంది. అందుకే 9.90 లక్షల వేరియంట్‌కీ 10.20 లక్షల వేరియంట్‌కీ తేడా ముప్పై వేలే కదా అనుకోకండి. రెండింటికీ ఆన్‌రోడ్ కొటేషన్ తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

జీఎస్టీ సంగతి కూడా ఒకటి తెలిసి ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పొడవు నాలుగు మీటర్లు మించకుండా, పెట్రోల్ లేదా సీఎన్‌జీ ఇంజిన్ 1,200 సీసీ లోపు, డీజిల్ అయితే 1,500 సీసీ లోపు ఉన్న కార్లకి 18 శాతం. అంతకన్నా పెద్దవాటికి 40 శాతం. ఎలక్ట్రిక్‌కి 5 శాతం. ఇది ఎక్స్ షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది, విడిగా కట్టక్కర్లేదు. కానీ చిన్న కారుకీ దాని పై సైజుకీ మధ్య ధర ఎందుకంత ఎగబాకుతుందో ఇక్కడ అర్థమవుతుంది.

లోన్ తీసుకునేటప్పుడు సేల్స్ కుర్రాడు మొదట చెప్పేది "ఈఎంఐ ఇంతే సార్" అని. ఎన్నేళ్లకో చివర్న చెప్తాడు. ఎనిమిది లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ అనుకుందాం. ఐదేళ్లకైతే నెలకి సుమారు 16,600. ఏడేళ్లకైతే 12,870. నెలకి దాదాపు నాలుగు వేలు తగ్గినట్టు కనిపిస్తుంది. మొత్తం మీద మాత్రం ఏడేళ్ల లోన్‌కి దగ్గర దగ్గర 85 వేలు ఎక్కువ వడ్డీ కడతారు. ఐదేళ్ల ఈఎంఐ కట్టలేననిపిస్తే ఒక వేరియంట్ కిందకి దిగడం మంచిది, లోన్ సాగదీయడం కాదు. షోరూమ్ వాళ్లు చూపించే ఫైనాన్స్‌తో పాటు మీ జీతం పడే బ్యాంకులో కూడా అడగండి. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే ఏమైనా కట్టాలా అన్నవి రెండు చోట్లా అడిగి రాసుకోండి.

నేవీలో ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు సీఎస్‌డీ (మిలిటరీ) క్యాంటీన్ ద్వారా కొనే దారి చూడకుండా షోరూమ్ కొటేషన్‌కి తలూపకండి. స్టీల్ ప్లాంట్, పోర్టు, హెచ్‌పీసీఎల్ లాంటి పెద్ద సంస్థల్లో పనిచేసేవాళ్లు కార్పొరేట్ డిస్కౌంట్ అడగండి. మీరు అడిగేదాకా ఆ మాట వాళ్ల నోట రాదు.

పెట్రోలా, డీజిలా, సీఎన్‌జీనా, కరెంటా?

మీరు రాసుకున్న కాగితం ఇక్కడ పనికొస్తుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి పెట్రోల్ లీటరు 110 రూపాయలు, డీజిల్ 98 అనుకుందాం. పెట్రోల్ కారు ఊళ్లో లీటరుకి 15, డీజిల్ కారు 18 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే పెట్రోల్‌కి సుమారు 7,330, డీజిల్‌కి 5,440. మిగిలేది నెలకి 1,900 లోపు. అదే మోడల్లో డీజిల్ లక్షన్నర ఎక్కువైతే ఆ లక్షన్నర తిరిగి రావడానికి ఆరున్నరేళ్లు పడుతుంది. నెలకి 600 కిలోమీటర్లే తిరిగేవాళ్లకి పదకొండేళ్లు. ఆ రోజు బంకులో ఉన్న రేట్లు, మీరు చూసిన మోడల్ ధరలు పెట్టి ఇదే లెక్క మీరే వేసుకోండి.

డీజిల్‌తో ఇంకో చిక్కు ఉంది. ఇప్పటి డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది. మసిని పట్టి ఉంచి, బండి హైవే మీద ఒకే వేగంతో కాసేపు నడిచినప్పుడు వేడికి కాల్చేస్తుంది. రోజూ ఎంవీపీ నుంచి సిరిపురం దాకా వెళ్లి ఆఫ్ చేసేస్తే ఆ మసి కాలడం ఎప్పుడు? మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి. గాజువాక, అనకాపల్లి, విజయనగరం హైవేల మీద రోజూ తిరిగేవాళ్లకి డీజిల్ ఇప్పటికీ మంచిదే. ఊళ్లోనే తిరిగేవాళ్లకి వద్దు, ఎంత ఇష్టం ఉన్నా సరే.

సీఎన్‌జీ ఖర్చు తక్కువే. కానీ మీ ఇంటికో ఆఫీసుకో దగ్గరలో, రోజూ వెళ్లే దారిలోనే పంపు ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే, ఓ సాయంత్రం అటు వెళ్లి ఆటోల క్యూ ఎంత పొడుగుందో మీ కళ్లతో చూడండి. డిక్కీలో సిలిండర్ ఎంత చోటు తింటుందో కూడా చూడాలి. కొన్ని కంపెనీలు రెండు చిన్న సిలిండర్లు అడుగున పెట్టి కొంత చోటు మిగులుస్తున్నాయి.

ఎలక్ట్రిక్ విషయంలో అసలు ప్రశ్న బ్యాటరీ గురించి కాదు, పార్కింగ్ గురించి. మీ పార్కింగ్ చోటికి మీ మీటర్ నుంచి వైరు లాగడానికి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి, నోటి మాట సెక్రటరీ మారితే మారిపోతుంది. ఈపీడీసీఎల్ (కరెంటు సంస్థ) దగ్గర మీటర్ లోడు పెంచాల్సి వస్తే దానికీ కొంత కట్టాలి. ఈ రెండూ కుదిరినవాళ్లకి, రోజూ నలభై యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి, ఎలక్ట్రిక్‌ని మించింది లేదు. యూనిట్ తొమ్మిది రూపాయలనుకున్నా, వెయ్యి కిలోమీటర్లకి 150 యూనిట్లు వేసుకుంటే 1,350 రూపాయలు. పైన పెట్రోల్ లెక్కతో పోల్చి చూడండి. ఇంట్లో ఛార్జింగ్ కుదరకపోతే మాత్రం, బయట ఛార్జర్ల దగ్గర గంట గంట కూర్చోవడం కొన్నాళ్లకే విసుగొస్తుంది, వాటి రేటూ ఎక్కువే. కంపెనీ చెప్పే రేంజ్‌లో మూడింట రెండు వంతులు చేతికొస్తుందని లెక్క వేసుకోండి. అరకు ఎక్కేటప్పుడు ఛార్జింగ్ గబగబా తగ్గడం చూసి టెన్షన్ పడక్కర్లేదు, దిగేటప్పుడు బ్రేకుల్లో కొంత వెనక్కి వస్తుంది. వెళ్లేముందు మాత్రం ఫుల్ ఛార్జ్ చేసుకోవాలి.

ఇవేవీ కుదరనివాళ్లకి మామూలు పెట్రోల్ కారే. దాంట్లో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంట్లోకి దూరుతుందా?

టేపు తీసుకుని పార్కింగ్‌లోకి దిగండి. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎంత, పక్కాయన కారు ఎంతవరకు వస్తుంది, మీ డోరు తీస్తే మనిషి దిగేంత సందు ఉంటుందా, అన్నీ కొలవండి. వ్యాగన్ ఆర్ వెడల్పు 1,620 మిల్లీమీటర్లు, బ్రెజా 1,790, స్కార్పియో ఎన్ అయితే 1,917. అద్దాలు దీనికి అదనం. కాగితం మీద అడుగు లోపు తేడా. సీతమ్మధార పాత అపార్ట్‌మెంట్ స్టిల్ట్‌లో ఆ తేడా రోజూ ఉదయం డోరు గీతల్లో కనిపిస్తుంది. వీధిలో పెట్టుకునేవాళ్లైతే, చెత్త బండి, స్కూలు వ్యాన్ వచ్చే టైముల్లో మీ కారు పక్క నుంచి అవి వెళ్లగలవా అన్నది చూసుకోండి. వీధి తగాదాల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

తర్వాత ఇంట్లో మనుషులు. మోకాళ్ల నొప్పులున్న అమ్మనో, నాన్ననో షోరూమ్‌కి తీసుకెళ్లండి. ముందు సీట్లో కాదు, వెనక సీట్లో ఎక్కించి దింపండి. సీటు మరీ కిందకుంటే లేవలేరు, మరీ పైకుంటే కాలెత్తి ఎక్కలేరు. చీరలో ఎక్కేవాళ్లకి ఫుట్‌బోర్డు ఎత్తు చాలా ముఖ్యం. పిల్లల సీటు బిగించాలంటే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయో లేదో చూసి, వీలైతే మీ సీటు తీసుకెళ్లి అక్కడే బిగించి చూడండి. మూడో వరుస ఉన్న బండ్లలో ఆఖరి సీట్లు నిలబెడితే డిక్కీ ఎంత మిగిలిందో డోరు తెరిచి చూడండి. ఎర్టిగాలో అది 209 లీటర్లే. ఏడుగురూ ఎక్కాక నలుగురి బ్యాగులు ఎక్కడ పెడతారు? టాప్ మీద క్యారియర్ కట్టించాల్సిందే.

మన ఊరి మెట్టపల్లాలు, గేర్‌బాక్స్

వైజాగ్‌లో కారు నడపడమంటే ఎక్కడం, దిగడం. దసపల్లా హిల్స్, కైలాసగిరి, సింహాచలం ఘాట్, యారాడ కొండ, ఇవి సరే. అసలు పరీక్ష ఎక్కడంటే మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద. ఎదురుగా గేటు తీసేవాడు రాలేదు, వెనకాల ఇంకో కారు ముక్కు తగిలేంత దగ్గర్లో ఉంది, మీరు ర్యాంప్ మధ్యలో ఆగారు. ఇక్కడ ఏ గేర్‌బాక్స్ ఎలా నడుస్తుందో తెలిస్తే మీకు ఏది కావాలో తెలిసిపోతుంది.

మాన్యువల్ అయితే క్లచ్, హ్యాండ్‌బ్రేక్ అలవాటున్నవాళ్లకి పర్వాలేదు. కానీ ఎన్‌ఏడీ దగ్గరా, మద్దిలపాలెం దగ్గరా సాయంత్రం ఆరింటికి ఎడమ కాలు నొప్పి పుడుతుంది. ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ మీ బదులు మెషీన్ నొక్కుతుంది. చవక, మైలేజీ బాగుంటుంది, అందుకే ఎక్కువమంది తీసుకుంటారు. ఏటవాలు మీద మాత్రం బ్రేక్ వదిలాక రెండు సెకన్లు తడబడుతుంది, హిల్ హోల్డ్ (ఏటవాలు మీద బండిని కాసేపు పట్టి ఉంచే ఏర్పాటు) లేనివాటిలో వెనక్కి జారుతుంది. ఎక్కుడు మీద యాక్సిలరేటర్‌తోనే బండిని నిలిపి ఉంచితే క్లచ్ వేడెక్కుతుంది. ఏఎంటీ తీసుకుంటే హిల్ హోల్డ్ ఉన్న వేరియంటే తీసుకోండి, ఇందులో రాజీ వద్దు. సీవీటీ, టార్క్ కన్వర్టర్ అనే ఆటోమేటిక్ రకాలు రెండూ ఏటవాలు మీద సాఫీగా ఉంటాయి, ధర ఎక్కువ. డీసీటీ అనే మరో ఆటోమేటిక్ రకం హైవే మీద సరదాగా ఉంటుంది. గంటల తరబడి ట్రాఫిక్‌లో పాక్కుంటూ వెళ్లేవాళ్లకి నేను చెప్పను.

ఇంజిన్ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో మీరూ, సేల్స్ కుర్రాడూ ఇద్దరే ఉంటే ఒక లీటరు ఇంజిన్ కూడా పరుగులు తీస్తుంది. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, సింహాచలం మెట్ట ఎక్కితే అదే ఇంజిన్ మూలుగుతుంది. మే నెల ఉక్కపోతలో ఏసీ కట్టేసి ఎక్కుదామంటే ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు?

ఉప్పుగాలి

ఇది హైదరాబాద్ యూట్యూబర్లు చెప్పరు. సముద్రం ఒడ్డున కారుకి తుప్పు త్వరగా పడుతుంది. పాండురంగాపురం, కిర్లంపూడి, లాసన్స్ బే కాలనీ, రుషికొండ, భీమిలి వైపు బయట పార్క్ చేసేవాళ్లకి మరీనూ. కొనే ముందు ఒక పని చేయండి. మీకు నచ్చిన మోడలే నాలుగైదేళ్ల పాతది బీచ్ రోడ్డు వైపు ఆగి ఉంటే, ఓనర్‌ని అడిగి ఒకసారి వంగి చూడండి. డోరు కింది అంచు, డిక్కీ మూత కింద వాన నీరు కారే చోటు, సైలెన్సర్ పైపు, చక్రాల నట్లు, బానెట్ కీళ్లు. పెయింటు కింద చిన్న బుడగలు లేచి ఉంటే లోపల తుప్పు మొదలైనట్టే. ఏ బ్రోషరూ చెప్పని విషయం ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

షోరూమ్‌లో అడిగితే సర్వీస్ బేలో బండిని లిఫ్ట్ మీద పెట్టి అడుగు చూపిస్తారు. అడుగంతా నల్లటి పూత సమానంగా ఉందా, వెల్డింగ్ అతుకుల దగ్గర ఖాళీగా వదిలేశారా చూడండి. అండర్‌బాడీ కోటింగ్ మన ఊళ్లో పెట్టే ఖర్చుకి న్యాయం చేస్తుంది. షోరూమ్ వాళ్లు దాంతో పాటు అంటగట్టే ఇంటీరియర్ కోటింగ్, సువాసన ప్యాకేజీలు మాత్రం అక్కర్లేదు. కారు తుప్పు మీద కంపెనీ వారంటీ ఏమైనా ఇస్తుందా, ఇస్తే పెయింటు బుడగలకా, రేకు చిల్లుపడితేనా అన్నది చదివి చూడండి.

రంగు సంగతి ఒక్క మాటలో: ఎండకి తెలుపు, వెండి రంగులు మంచివి. వన్ టౌన్, పోర్టు దరిదాపుల్లో ఉండేవాళ్లు తెల్ల కారు కొంటే పొద్దున్నే నల్లటి దుమ్ము తుడవడానికి సిద్ధపడండి. అక్కడ బూడిద రంగు నయం.

ప్రాణం సంగతి

మన దేశంలో కార్లకి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు (గుద్దించి చూసి, ఎంత భద్రమో స్టార్లలో చెప్పేవి) 2023 అక్టోబర్ నుంచి జరుగుతున్నాయి. మీరు చూస్తున్న మోడల్‌కి పెద్దల విభాగంలో ఎన్ని స్టార్లు, పిల్లల విభాగంలో ఎన్ని అన్నది విడివిడిగా చూడండి. పరీక్ష చేసిన వేరియంట్‌లో ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయో, మీరు కొనేదాంట్లోనూ అన్నే ఉన్నాయా అనేది అసలు ప్రశ్న. ఈఎస్‌సీ తప్పనిసరిగా ఉండాలి. వాన పడ్డ ఘాట్ రోడ్డు మలుపులో బండి జారకుండా పట్టేది అదే. ఆ డబ్బుకి సన్‌రూఫ్ ఇస్తామంటే నవ్వి ఊరుకోండి. ఇక్కడి ఎండకి ఏడాదిలో పది రోజులు తెరుస్తారేమో.

స్టెప్నీ ఇస్తారో లేదో కూడా అడగండి. ఇప్పుడు కొన్ని బండ్లతో పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తున్నారు. శృంగవరపుకోట దాటి పైకెక్కాక టైరు పక్కన చీరితే ఆ కిట్ పనికిరాదు.

టెస్ట్ డ్రైవ్

షోరూమ్ వాళ్లు తీసుకెళ్లే దారి నున్నగా ఉంటుంది, రెండు యూటర్న్‌లు, ఇంటికి. మీరు ముందే చెప్పండి, మా ఇంటి దాకా తీసుకెళ్లి మా సెల్లార్‌లో పెట్టి చూస్తామని. చాలావరకు ఒప్పుకుంటారు. మీ వీధి స్పీడ్ బ్రేకర్ మీద అందరూ ఎక్కి ఉన్నప్పుడు అడుగు తగులుతుందా చూడండి. స్విఫ్ట్‌కి నేల నుంచి ఎత్తు 163 మిల్లీమీటర్లు, నెక్సాన్‌కి 208. ఈ తేడా మీ వీధిలో ముఖ్యమో కాదో అక్కడే తెలుస్తుంది. పాట ఆపేసి, అద్దాలెత్తి, ఏసీ తగ్గించి నడపండి. వెనక సీట్లో మీరు కూడా కాసేపు కూర్చోండి. ఇంట్లో కారు నడిపేవాళ్లు ఇద్దరుంటే ఇద్దరూ నడపాలి. సీటు, స్టీరింగ్ పొట్టివాళ్లకీ పొడుగువాళ్లకీ కుదురుతున్నాయా అనేది అప్పుడే తెలుస్తుంది.

నిర్ణయం తీసుకునే ముందు ఓ శనివారం పొద్దున మీ ఇంటికి దగ్గరలో ఉన్న ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. బయట టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, బండి ఇవ్వడానికొచ్చినవాళ్లు అడక్కుండానే కథంతా చెప్తారు. స్పేర్ పార్టులు ఎన్నాళ్లకొస్తాయి, బిల్లులో తెలియకుండా ఏం కలుపుతారు, వాషింగ్‌లో గీతలు పెడతారా అన్నీ అక్కడే దొరుకుతాయి.

కొటేషన్, బేరం

కనీసం ఇద్దరు డీలర్ల దగ్గర అదే వేరియంట్, అదే రంగుకి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి. ప్రతి లైనూ చదవండి. హ్యాండ్లింగ్ ఛార్జీలు, లాజిస్టిక్స్ అన్న పేరుతో ఏమైనా ఉంటే ఎందుకని అడగండి, కట్టనని చెప్పండి. తీసేస్తారు. యాక్సెసరీల ప్యాకేజీ తప్పనిసరి అన్న మాట నిజం కాదు. మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు తప్ప మిగతావి బయట సగం రేటుకి దొరుకుతాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం ఆటోమేటిక్, టర్బో, ఎలక్ట్రిక్ బండ్లకి తీసుకోవచ్చు.

బేరానికి కాలం కూడా కలిసి రావాలి. దసరా, ధనత్రయోదశి ముందు ఎవరూ తగ్గరు. ఆషాఢంలోనూ, మూఢంలోనూ షోరూమ్‌లు ఖాళీగా ఉంటాయి కాబట్టి అప్పుడు బుక్ చేసి, డెలివరీ శ్రావణంలో పెట్టుకోవచ్చు. ముహూర్తం పట్టింపు ఉన్నవాళ్లకీ, డిస్కౌంట్ పట్టింపు ఉన్నవాళ్లకీ ఇద్దరికీ కుదురుతుంది. డిసెంబర్‌లో డిస్కౌంట్లు బాగా ఇస్తారు, కానీ ఆ బండి తయారైన ఏడాది రెండు వారాల్లో పాతబడుతుంది. పదేళ్లు వాడేవాళ్లకి లాభమే, నాలుగేళ్లలో అమ్మేవాళ్లకి కాదు.

ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే చేయించాలని లేదు. కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లది తప్పనిసరి, సొంత నష్టానికి పాలసీ వేరు. ఈ రెండోది లేకపోతే తుఫానులో చెట్టు పడితే పైసా రాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఊళ్లో చెట్ల కింద నలిగిన కార్లు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. జీరో డిప్రిసియేషన్ (పార్టులు పాతబడ్డాయని క్లెయిమ్‌లో కోత పెట్టనిది) తీసుకోండి. నీళ్లు నిలిచే లోతట్టు ప్రాంతాల్లో ఉంటే ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజిన్ పాడవుతుంది, మామూలు పాలసీ ఆ నష్టానికి ఇవ్వదు.

డబ్బు డీలర్ కంపెనీ ఖాతాకే వెళ్లాలి. సేల్స్ కుర్రాడి ఫోన్ నంబరుకి బుకింగ్ అడ్వాన్స్ పంపొద్దు, ఎంత మంచివాడైనా. బుకింగ్ రద్దయితే ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి.

డెలివరీకి ముందు, సంపత్ వినాయక గుడికి ముందు

మన ఊళ్లో కొత్త బండి మొదటి ప్రయాణం చాలామందికి ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికే. ఆ హడావిడిలో కారు సరిగా చూసుకోవడం మర్చిపోతారు. అందుకని చూసే పని ముందు రోజో, ఇంకా ముందో, రిజిస్ట్రేషన్ కాకముందే చేసేయండి. మీ పేరున రిజిస్టర్ అయ్యాక బండి మార్చమంటే మార్చరు.

పగటి వెలుతురులో, డీలర్ యార్డులో చూడండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఇన్‌వాయిస్‌తో సరిపోల్చండి. తయారైన నెల, ఏడాది అడిగి రాయించుకోండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2325 అంటే 2025లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లూ, స్టెప్నీ దగ్గర దగ్గర తేదీల్లో ఉండాలి. ఓడోమీటర్ యాభై లోపు ఉంటే సహజం, వంద దాటితే ఎందుకని గట్టిగా అడగండి, డెమో బండి అయ్యుండొచ్చు. బానెట్, డోర్ల మధ్య సందులు రెండువైపులా సమానంగా ఉన్నాయా వేలు పెట్టి చూడండి. లైట్లు, వైపర్లు, నాలుగు అద్దాలు, ఏసీ అన్నీ ఒక్కొక్కటే ఆన్ చేయండి. రెండు తాళాలు, జాకీ, టూల్స్ ఉన్నాయా లెక్కపెట్టుకోండి.

పూజ రోజున నిమ్మకాయల మీదుగా మొదట కదిపేది ఆ బండి కాస్త అలవాటున్నవాళ్లైతే మంచిది. అక్కడ రోడ్డు ఇరుకు, వెనకాల ఆటోలు, ఎదురుగా ఇంకో కొత్త కారు. ఇంట్లో పెద్దాయన కోరిక తీరాలంటే పూజయ్యాక బీచ్ రోడ్డులో స్టీరింగ్ ఇవ్వండి.

నంబరు ప్లేటు రాకపోతే తాత్కాలిక రిజిస్ట్రేషన్ కాగితమైనా లేకుండా బండి రోడ్డెక్కించొద్దు. పాత ఏపీ 31 కావాలని అడిగినా రాదు, 2019 నుంచి జిల్లా కోడ్లు పోయి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్, 39తో మొదలైంది. ఫ్యాన్సీ నంబరు కావాలంటే ఆన్‌లైన్ వేలంలో పాడాలి, ఆ ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే వేసుకోండి. ఆర్‌సీ వచ్చాక పేరు, చిరునామా, లోన్ ఉంటే బ్యాంకు పేరు సరిగ్గా పడ్డాయో చూసుకుని, తప్పుంటే ఆ వారంలోనే డీలర్‌కి చెప్పి సరిచేయించుకోండి. తర్వాతైతే ఆఫీసుల చుట్టూ మీరే తిరగాలి.